సరస్సు బురదలో గోళ్ళు

"మంచు తోడే బండి పొద్దున గానీ రాదమ్మాయ్. అందాకా నీ నీటిపురుగుల గోళ్ళతో కబుర్లు చెప్పుకో!" ఊళ్ళోంచి ఫోన్లో వేయిక్కో నవ్వాడు.

సరస్సు ఒడ్డున గుడిసెలో ఐలా ఒక్కతే ఉంది. సరస్సు బురదలో పురుగు ఒళ్ళంతా కరిగిపోయినా గోళ్ళు మాత్రం వేల ఏళ్ళు మిగులుతాయి. అవి ఏ పురుగువో తేల్చడమే ఆమె పని. నిన్న రెండు గాజుపలకల మధ్య అతికించిన గోళ్ళని మైక్రోస్కోప్ కింద పెట్టింది. గాజు మీద మూడు సన్నటి గీతలు కనిపించాయి. తుడిచినా పోలేదు. అవి గాజుకి లోపలివైపున ఉన్నాయి.

ఎక్కడో గీకుతున్న చప్పుడైంది. ఐలా ఒక్క పరుగున వెళ్ళి తలుపు నెట్టింది. బయట పేరుకున్న మంచుకి అది బిగుసుకుపోయింది. గడియ చుట్టూ చెక్క మీద, లోపలివైపునే, మూడేసి గీతలు ఉన్నాయి. పొద్దున అవి లేవు. కింద చెక్కపొట్టు తెల్లగా రాలి ఉంది.

అంటే, ఆ గీకేదీ తనలాగే ఇంకా బయటపడలేదు.