కంపు మాటలో ఉంటుందట

కుళాయి తిప్పగానే కంపు గుప్పుమంది. తాయారమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వంటింటి గోడ దగ్గరికి నడిచింది. ఊళ్లో ఇంటింటికీ ఉన్నట్టే అక్కడా ఒక ఫిర్యాదుల యంత్రం బిగించి ఉంది.

"నీళ్లు కంపు కొడుతున్నాయి."

"ఆ మాట మా జాబితాలో లేదండీ," అంది యంత్రం, తేనె పూసిన గొంతుతో. "కంపు నీళ్లలో ఉండదు, మాటలో ఉంటుంది. అందుకే పదేళ్ల కిందటే ఆ మాటని జాబితాలోంచీ, బడి పుస్తకాల్లోంచీ తీసేశాం. అప్పట్నుంచీ ఊళ్లో ఒక్క ఫిర్యాదూ లేదు."

"మాట తీసేశారు సరే, ట్యాంకులో చచ్చిన ఎలకల్ని తీశారా?"

"చచ్చిన అన్న మాటా లేదండీ."

ఇంతలో బడికి వెళ్లే తొందరలో మనవరాలు హిమజ పరిగెత్తుకొచ్చి, గ్లాసులో నీళ్లు పట్టుకుని గుక్కెడు తాగి, గడప మీదే భళ్లున కక్కుకుంది.

"అమ్మమ్మా, ఈ నీళ్లు..." అని ఆగిపోయింది. ఆ పైన అనాల్సిన మాట ఏడేళ్ల పిల్లకి ఏ పుస్తకంలోనూ కనపడలేదు.

తాయారమ్మ పిల్ల మూతి తుడిచి, వెనక్కొచ్చి యంత్రం మొహాన "థూ!" అంది.

"క్షమించండి, ఆ మాట కూడా జాబితాలో లేదు."

"అది మాట కాదే, ఉమ్ము," అంది తాయారమ్మ. "తుడుచుకో."