సేత్తూరు సీసా

"ఆ కాగితం లోపల వెయ్యొద్దు తంబి."

పాపాత్తి, ముత్తుకుమార్ మణికట్టు గట్టిగా పట్టుకుంది. అతని చేతిలోని పట్టకారు చివర నిమ్మగడ్డి నూనెలో తడిపిన కాగితం ముక్క వేలాడుతోంది. బల్ల మీది గాజు సీసాలో, అతను ఆమె ఇంట్లో పట్టి తెచ్చిన దోమలు వాలి ఉన్నాయి.

ఆమె సేత్తూరు నుంచి బస్సెక్కి రాజపాళయం కాలేజీ ల్యాబు దాకా ఎందుకు వచ్చిందో, దోమల మందు మీద పరిశోధన చేస్తున్న ముత్తుకుమార్‌కు అర్థం కాలేదు. నిన్న జ్వరంతో పడుకున్న కూతురి పక్కన నిలబడి, టార్చి వేసి గోడమీది దోమల్ని చూపించింది ఆమే. "అన్నీ పట్టుకొని పో" అన్నదీ ఆమే.

"టెస్టుకే కదక్కా ఇచ్చినావు? ఈ నూనెకి దోమలు చస్తాయో లేదో చూడాల. చస్తే మీ ఊరికే మంచిది."

"ఊర్లో ఉండే దోమలన్నీ చంపు. ఇవి మాత్రం నాకిచ్చెయ్."

"తీసుకొని ఏం చేస్తావు?"

ఆమె వంగి సీసాకు చెవి ఆనించింది. లోపల సన్నటి రొద. ఆమె తడి జుట్టు నుంచి నీళ్ళు బల్ల మీదికి కారుతున్నాయి.

"పాపకి జరం ఎట్లుంది?" అని అడిగాడు.

ఆమె సీసాకు ఆనించిన చెవి తీయకుండానే చెప్పింది.

"ఒళ్ళు చల్లగా ఉంది."

ముత్తుకుమార్ ఊపిరి పీల్చుకున్నాడు. "ఇంకేం అక్కా. దానికి జరం తెచ్చినవి ఇవేనేమో. వీటి మీద జాలెందుకు?"

ఆమె వేళ్ళను మెల్లగా విడిపించుకుని, కాగితాన్ని సీసాలోకి జారవిడిచి మూత బిగించాడు.

దోమలన్నీ ఒక్కసారిగా లేచి గాజుకు కొట్టుకున్నాయి. పాపాత్తి సీసా లాక్కుని మూత తిప్పబోయింది. తడి వేళ్ళు జారిపోయాయి. దోమలు ఒక్కొక్కటే వెల్లకిలా పడ్డాయి, ఎర్రగా ఉబ్బిన కడుపులు పైకి పెట్టి. కాసేపటికి రొద ఆగిపోయింది.

"చూసినావా, పనిచేస్తా ఉంది" అన్నాడు ముత్తుకుమార్, సంతోషం ఆపుకోలేక.

పాపాత్తి సీసాను ఒడిలో పెట్టుకుని అక్కడే నేలమీద కూర్చుండిపోయింది.

"పొద్దున్నే పాపని పూడ్చి వచ్చినాము తంబి" అంది. "దాని నెత్తురు బతికుండింది వీటి కడుపుల్లోనే."