చెవి మీద కలం

కొమురవ్వ తన గొంగళ్ల దుకాణంలో రెండో గుమాస్తాను పెట్టిన రోజు వీరస్వామికి అన్నం సహించలేదు.

పదకొండేళ్లుగా కొడకండ్లలో ఆ దుకాణం లెక్కంటే వీరస్వామే. కురుమల దగ్గర ఉన్ని కొన్నా, మగ్గాలకు పంచినా, గొంగళ్లు అమ్మి పైకం పెట్టెలో వేసినా, అన్నీ ఆయన చిట్టాలోకి ఎక్కాల్సిందే. కొమురవ్వకు చదువు రాదు. భర్త పోయిననాడు "తమ్మీ, ఇగ నువ్వే" అంటూ పెట్టె తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది. తమ్మీ అన్న పిలుపు ఊళ్లో ఇంకెవరికీ ఇవ్వలేదు.

"పెట్టెల పైకం, పుస్తకంల లెక్క కలుస్తలేవు తమ్మీ" అంది ఆ పొద్దున. "కాలం గిట్లున్నది. ఒక దిక్కు దొర మనుషులు, ఒక దిక్కు పోలీసులు. నీకొక్కనికి భారమైతంది. జర సాయముంటడని తోలుకొచ్చిన."

భూపాలపల్లి అడవుల దిక్కు నుంచి వచ్చినవాడట. పేరు యాకయ్య. తెల్లంగీ, చెవి మీద కలం, ఒళ్లో ఎర్రట్ట పుస్తకం. మాట తక్కువ. వీరస్వామి దగ్గరికి రాగానే పుస్తకం టప్పున మూసేసేవాడు. సాయంత్రం కాగానే కొమురవ్వ ఆ పుస్తకాన్ని తన సందుగలో పెట్టి తాళం వేసేది.

వీరస్వామి చిట్టా మాత్రం పదకొండేళ్లుగా గూట్లోనే పడి ఉంది. దానికి ఏనాడూ తాళం పడలేదు. అది తన మీద నమ్మకమని ఇన్నాళ్లూ మురిసిపోయాడు. ఇప్పుడదే చిన్నచూపులా తోచింది.

యాకయ్య మొలకు నల్ల ఉన్ని తాడొకటి వేలాడేది. పొద్దుగూకేలోపు దానికి ముడులు పడేవి. ఒకనాడు రెండు, ఒకనాడు అయిదు.

"ఏం మొక్కయ్యా గది?" అని ఎకసెక్కంగా అడిగాడు వీరస్వామి.

"ఏదో నాకు తెలిసిన మొక్కు" అని నవ్వాడు యాకయ్య.

ఇంటికొస్తే భార్య సత్తెమ్మ దగ్గర వెళ్లబోసుకునేవాడు. "జొన్నరొట్టె ముందుగాల వానికే పెడుతున్నది."

"రొట్టె మీద గూడ ఏడుస్తవా?"

"పదకొండేండ్ల సంది నాకు అతుకుల గొంగడే. వానికి రాంగనే ఎర్రంచు గొంగడి!"

"ఎండకాలంల నీకు చలెక్కడిదయ్యా?"

"చలి కాదే, మంట!"

దేవుడు మనిషికి కడుపు ఇచ్చింది ఆకలి కోసమే అనుకుంటాం. మరి ఈ మంట ఎందుకు పెట్టాడో.

రెండు నెలలు గడిచాయి. గొంగళ్ల మోపులు బండికెక్కించి వీరస్వామిని జనగామకు పంపింది కొమురవ్వ. నాలుగు రోజుల పని.

"చిట్టా యాకయ్యకిచ్చిపో" అంది. తర్వాత యాకయ్య వైపు తిరిగి, "జర పైలం, తమ్మీ" అంది.

ఆ ఒక్క మాట జనగామ దాకా బండి చక్రంలా వీరస్వామి చెవిలో తిరిగింది.

అయిదో రోజు మధ్యాహ్నం తిరిగొచ్చాడు. కాళ్లు కూడా కడుక్కోకుండా చిట్టా తీసి ఆ నాలుగు రోజుల పేజీలు తెరిచాడు. చేతిలో కలం పట్టుకుని చాలాసేపు చూశాడు. రెండు నెలల తర్వాత మొదటిసారి గుండె తేలికయింది.

మూడోనాడు సంఘం పెద్ద ఉప్పలయ్య దుకాణం అరుగు మీద కూర్చున్నాడు. దొర గడీకి ఎవరూ పోని రోజులవి. ఊరి తగాదాలన్నీ సంఘమే తీర్చేది. ఈ తగాదా తెచ్చింది వీరస్వామి.

"పెట్టెల మూడు నూర్లు తక్కువున్నయి అన్నా. ఎటుపోయినయో సూడు" అని చిట్టా తెరిచి చదివాడు. "నర్సింహులపేట కురుమ మల్లయ్యకు ఉన్ని పైకం నూటిరవై. బచ్చన్నపేట కురుమ బీరయ్యకు నూట ఎనభై. గీ పేరుగలోళ్లు ఆ ఊళ్లల్ల లేనే లేరు. నేనే పోయి అడిగొచ్చిన."

"రాసిందెవరు?"

"నా అక్షరాలు గుండ్రంగుంటయి. గివి సూడు, వాలుగున్నయి. ఆ నాలుగు దినాలు నేను జనగామల ఉన్న. చిట్టా ఈయన తాననే ఉన్నది."

"ఏమంటవ్ యాకయ్యా?"

"కొమురక్క ఎట్లంటె అట్లనే."

కొమురవ్వ లోపలికి వెళ్లి ఇత్తడి గిన్నెలో బండారి తెచ్చింది. కొమురెల్లి మల్లన్న పసుపు. దాని మీద చెయ్యి పెట్టి అబద్ధమాడిన కురుమ ఇంతవరకు లేడు.

"దీని మీద చెయ్యి పెట్టి చెప్పు తమ్మీ. గీ రాత యాకయ్యదేనా? బాగ యాది చేసుకో."

వీరస్వామి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. యాకయ్య భుజం మీది ఎర్రంచు కంటపడింది. చెయ్యి పసుపులో పడింది.

"ఆయనదే. మల్లన్న సాక్షి."

కొమురవ్వ కళ్లు ఎందుకో చెమ్మగిల్లాయి.

ఉప్పలయ్య కాగితం రాశాడు. తప్పు ఎవరిదని తేలితే వాళ్లు పోయిన పైకానికి రెండింతలు కట్టి, ఊరు విడిచి పోవాలి. ఇద్దరికీ చదివి వినిపించాడు.

"ఒప్పుకున్నట్టు ఇద్దరూ సంతకాలు పెట్టుండ్రి."

వీరస్వామి తన గుండ్రటి అక్షరాలతో, కింద గీత లాగి మరీ పెట్టాడు.

"ఇగ నువ్వు" అన్నాడు ఉప్పలయ్య.

కొమురవ్వ సిరాబుడ్డి మూత తీసి యాకయ్య ముందుకు జరిపింది.

యాకయ్య రెండు నెలలుగా చెవి మీద మోస్తున్న కలాన్ని తీసి పక్కన పెట్టి, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తనకు వచ్చిన ఒకే ఒక్క సంతకం కోసం ఎడమచేతి బొటనవేలు సిరాలో ముంచాడు.