ప్యాకెట్ మీద పేరు

మా ఆయన లింబాద్రి ఫోన్‌లో ఫ్రాన్స్ పల్లెటూరి వీడియో చూపించాడు. ఊరంతా ద్రాక్షతోటలే. ఎర్ర వైన్‌కు పేరుమోసిన ఊరట.

"సీసా మీద గా తోట ఆడామె పేరే ఏస్తరట, సూడు. ఎంత ఇజ్జతో."

పసుపు కొమ్ములు ఉడకబెట్టింది, ఎండబెట్టింది, పొడి పట్టించింది నేనే.

"మరి మన పసుపు..." అన్నాను.

"ఏందే, నోట్లె నోట్లె గునుగుతవ్?"

"ఏం లే."

"ప్యాకెట్ల మీదికి 'లింబాద్రి పసుపు' అని రాసియ్యి. ప్రెస్సుల ఇచ్చొస్త."

కోపంతో పెన్ను అదిమి రాసిచ్చాను. కాగితం జేబులో పెట్టుకుని నిజామాబాద్ బస్సెక్కాడు.

ఆయనకు చదవడం రాదు. నేను రాసింది 'జమున పసుపు'. వెయ్యి ప్యాకెట్లు అచ్చయ్యేదాకా నా పేరు ఎవరూ ఆయనకు చదివి వినిపించకపోతే చాలు.