ఏడు రోబోల ముఖచిత్రం

“ముక్కు గట్టిగా నొక్కుకో. కిందటిసారి నీ గొంతు అచ్చం నీ గొంతులాగే ఉంది” అంది ఫుసాయె, తోకుజీ కొట్లో ఫోను అతని చేతిలో పెడుతూ.

“నొక్కుకుంటే ఊపిరాడదు వదినా.”

“పత్రిక నడిపేవాళ్ళకి ఊపిరెక్కడాడుతుందిలే. మాట్లాడు.”

తోకుజీ ముక్కు నొక్కుకున్నాడు. “హలో, షిగెమిత్సు గారేనాండీ? ఎడిటర్ కురాతా మాట్లాడుతున్నా. వచ్చే సంచికకి మీ ముఖచిత్రం కావాలండీ. రోబో... ఒక్కటి చాలు. చిన్నదైనా పర్లేదు.”

ఫుసాయె అతని మోచేతి మీద ఒక్కటిచ్చి, ఏడు వేళ్ళు చూపించింది.

“ఏడు రోబోలండీ” అన్నాడు తోకుజీ నీరసంగా. “అవునండీ, అన్నీ ధగధగలాడాలి.”

ఫోను పెట్టేసి నుదురు తుడుచుకున్నాడు. “ఏడెందుకు వదినా? ఆ వయసులో నడుం పడిపోదూ? ఒక్క రోబో ఒంటికి ఆ తళుకు తేవాలంటేనే ఎంత చాకిరీ!”

“ఆ చాకిరీ సంగతి నీకేం తెలుసయ్యా? స్నానశాల గోడల మీద ఫూజీ కొండ గీసుకునేవాడివి!”

తోకుజీ ఫోను పక్కకి జరిపాడు. అతనూ, ఫుసాయె భర్త షిగెమిత్సూ చిన్నతనంలో ఒకే సైన్‌బోర్డుల కొట్లో కుంచె పట్టారు. ఇద్దరిదీ ఒకే వీధి. తోకుజీ స్నానశాలల్లోకి వెళ్తే, షిగెమిత్సు ఎక్కడో రాబోయే కాలంలోకి వెళ్ళిపోయాడు. రంగు చిమ్మే ఎయిర్ బ్రష్‌తో అతను గీసిన రోబోల ఇనుప చెంపల మీద మబ్బులు కదులుతున్నట్టే ఉండేవి. బొమ్మల డబ్బాల మీదా, పత్రికల ముఖచిత్రాల మీదా అవే. పిల్లలు చించుకుని మంచం పక్కన అంటించుకునేవాళ్ళు.

తర్వాత కంప్యూటర్లొచ్చాయి. ఒక్కొక్కరే పిలవడం మానేశారు. ఆఖరి పత్రిక కూడా మూసేస్తున్నామని అసలు కురాతా ఫోను చేసిననాడు ఎత్తింది ఫుసాయె. “ఎవరే?” అని మేడ మీదనుంచి భర్త కేకేశాడు. “వచ్చే నెల బొమ్మకి తొందరపెడుతున్నారండీ” అనేసింది. ఎందుకందో ఆమెకే తెలీదు. అన్నాక వెనక్కి తీసుకోలేకపోయింది.

ఆనాటినుంచి తోకుజీయే కురాతా. ఫుసాయె కుట్టుపని డబ్బే పత్రికవాళ్ళ పారితోషికం. అచ్చులో రంగులు చచ్చిపోతాయని షిగెమిత్సు తన బొమ్మ వచ్చిన సంచిక ఏనాడూ తిప్పి చూసేవాడు కాడు. చెవి కూడా మందగించింది. అబద్ధానికి అన్నీ కలిసొచ్చాయి.

పైన ఎయిర్ బ్రష్‌కి గాలి కొట్టే కంప్రెసర్ గురగురమంటుంటే కింద ఫుసాయెకి అన్నం దిగేది కాదు. పని చేసేటప్పుడు ఆ గదిలోకి ఎవరూ పోకూడదు, దుమ్ము లేస్తుంది. మెట్ల కింద నిలబడి వినేది. ఆ ముసలాయన అక్కడ వంగిపోయి ఎవరి కోసం గీస్తున్నట్టు? ఎవరి కోసమూ కాదు. తను చేసిన పాపానికి ఆయన కళ్ళు పోతున్నాయి. బొమ్మ సగంలో ఉండగానే రోజూ మధ్యాహ్నం గుడ్డలో చుట్టుకుని, “తోకుజీగాడికి చూపించి ఉడికించొస్తా” అని చిన్నపిల్లాడిలా బయల్దేరేవాడు. 

పూర్తయిన బొమ్మని పత్రికకి ఇచ్చొస్తానని ఆమె తీసుకెళ్ళేది. అదీ తోకుజీ అటక మీదికే.

“ఒక్కసారైనా విప్పి చూడవేం?” అని దెప్పేది.

“చూశాలే వదినా. చూపించాడుగా.”

ఏడు రోబోలూ సగానికొచ్చాయి. ఒకరోజు పొద్దున షిగెమిత్సు మీసో చారు గిన్నె ఎత్తబోయి చాప మీద ఒలకబోసుకున్నాడు. వేళ్ళు ఆకుల్లా వణుకుతున్నాయి.

“చలి” అన్నాడు.

బయట ఎండకి తారు కరుగుతోంది. కీచురాళ్ళు చెవులు కోసేస్తున్నాయి. ఫుసాయె చాప తుడుస్తూ తలెత్తలేకపోయింది. తుడిచి, చెప్పులేసుకుని తిన్నగా తోకుజీ కొట్టుకి వెళ్ళింది.

“పత్రిక మూసేశామని చెప్పెయ్.”

“ఇప్పుడేనా?” తోకుజీ ఫోను వైపు ఒక్క గంతేశాడు.

“అంత సంబరమేంటయ్యా! ఆయన ప్రాణం పోయే కబురు చెప్పమంటుంటే!”

“అబ్బే, ఆయన నడుం గురించే నా బాధంతా.” ఈసారి చెప్పకుండానే ముక్కు నొక్కుకున్నాడు.

ఆమె ఇల్లు చేరేసరికి కంప్రెసర్ ఆగిపోయి ఉంది. షిగెమిత్సు గుమ్మంలో కూర్చుని చెప్పులేసుకుంటున్నాడు.

“కురాతా ఫోను చేశాడు. పత్రిక మూసేశారట” అన్నాడు, ఆమె కళ్ళల్లోకి చూడకుండా. “నువ్వేం బెంగపెట్టుకోకు. నేను బానే ఉన్నా.”

“ఏవండీ, నేనో మాట చెప్పాలి.”

“వచ్చాక చెబుదువుగాని. అలా ఓసారి నది దాకా పోయొస్తా.”

నది అన్న మాటకి ఆమె గుండె జారిపోయింది. ఆయన ఇంత విసురుగా నడవడం ఎన్నేళ్ళుగానో చూడలేదు. కొంగలా అంగలేస్తూ సందు మలుపు తిరిగాడు. ఆమె వెనకే పరిగెత్తింది. అంతా చెప్పేస్తుంది, కాళ్ళమీద పడుతుంది, తిట్టినా కొట్టినా సరే, ఆయన నీళ్ళ దగ్గరికి పోకుండా ఉంటే చాలు.

కానీ షిగెమిత్సు నది వైపు పోలేదు. తోకుజీ కొట్టు తెర ఎత్తి లోపలికి దూరాడు.

ఆమె ఆయాసపడుతూ తెర బయట ఆగింది. చెవి మందం మనిషి, గొంతు వీధిలోకి వినిపిస్తోంది.

“ఒరేయ్ తోకుజీ, కుంచె కింద పెట్టు! పత్రిక మూసేశార్రా. ఫుసాయెకి అబద్ధం చెప్తూ, తన ముఖం చూడలేక ఇన్నాళ్ళూ చచ్చాను.” ఊపిరి పీల్చుకున్నాడు.

“ఇంక నా బొమ్మలు నువ్వు గీయక్కర్లేదు.”