అద్దంలో పగులు

"ఆపమ్మా, ఆపు! అద్దం పగులుతోంది!" అంటూ పరీక్షాధికారి ఉమామహేశ్వర్లుగారు కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచారు.

కేథరిన్ వాల్వు మీంచి చెయ్యి తీసేసింది. యంత్రానికి బిగించిన గాజు కిటికీ బొమ్మ ఎదురుగా తెర మీద పడుతోంది. అందులో ఓ మూల నల్లటి చుక్క, దాని కిందనుంచి సన్నటి గీత. చూస్తూ ఉండగానే ఆ గీత ఇంకాస్త కిందికి సాగింది.

ఇంకా ఆవిరి వదలనేలేదు. మామూలు నీటావిరైతే బాధే లేదు. బాగా కాచి, ఒత్తిడి పెంచి, బిగబట్టి ఉంచిన బరువైన ఆవిరి అది. గాలికి రాసుకున్న లెక్కలు దానికి పనికిరావు. దాన్ని ధ్వనికంటే వేగంగా గొట్టంలోకి వదిలితే, దారికి అడ్డుగా పెట్టిన ఇనుప ముక్క దగ్గర తెర మీద గీతలా కనపడే ఒత్తిడి అల, అంటే షాక్ వేవ్, పుడుతుంది. తన లెక్క చెప్పిన చోటే అది పుట్టిందని ఇవాళ ఈయనకు చూపిస్తేనే కేథరిన్‌కి పీహెచ్‌డీ. అద్దం పోతే ఇంకేముంది, కొత్తది తెప్పించి బిగించేసరికి ఏడాది గడిచిపోతుంది. ఈయన మళ్ళీ మార్కాపురం వచ్చేదెప్పుడు!

"అంత ఒత్తిడిని పగిలిన అద్దం ఆపదమ్మా. ఇవాల్టికి వద్దు," అని ఆయన బ్యాగు సర్దుకోసాగారు.

మూలన స్టూలు మీద కూర్చున్న భాగ్యమ్మ గట్టిగా కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. ఆమె కేథరిన్ తల్లి. కూతురి పరీక్ష అని పలకల ఫ్యాక్టరీలో పని మానుకుని, పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి కూర్చుంది. వచ్చీ రాగానే గుమ్మానికి అటెండర్ బ్రహ్మం కట్టిన నిమ్మకాయ, మిరపకాయలు చూసి, "ప్రభువుండంగా ఇయ్యన్నీ ఏందన్నా?" అని అతనితో ఓ విడత పోట్లాడింది కూడా.

"ఒక్క నిమిషం సార్," అంది కేథరిన్. చేతికి గ్లౌజు తొడుక్కుని, దూది తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. ముందుగానే వేడెక్కించి ఉంచిన అద్దం మీద దూది అలా ఆనించిందో లేదో, నల్లగా జిడ్డు అంటుకుని వచ్చింది. ఆముదం వాసన!

కాటుక. దిష్టి చుక్క! అద్దం వేడికి కరిగి కిందికి కారుతోంది, అంతే.

హమ్మయ్య! కేథరిన్‌కి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. వెంటనే ఒళ్ళు మండింది.

"బ్రహ్మం మామా! గుమ్మానికి కట్టింది చాలదని అద్దానికి గూడా పెట్టినావా?"

"నేనా? అమ్మతోడు పాపా, నేను దాని జోలికే పోలా!"

"నువ్వు గాకుంటే ఇట్లాంటి పని ఇంకెవరు చేస్తారు ఈడ?"

"ఏంది పాపా, నిమ్మకాయ కట్టినానని అన్నీ నా మీదకే తోస్తావా?"

మూలన భాగ్యమ్మ ప్రార్థన గొంతు పెరిగింది.

ఉమామహేశ్వర్లుగారు దూది తీసుకుని వాసన చూశారు. ఫక్కున నవ్వేశారు. సర్దిన బ్యాగు మళ్ళీ బల్ల మీద పెట్టి, "కానివ్వమ్మా," అన్నారు.

అద్దం శుభ్రంగా తుడిచి, కేథరిన్ వాల్వు తిప్పింది. బుస్సుమని ఆవిరి దూకింది. తెర మీద ఇనుప ముక్క కొసనుంచి ఏటవాలుగా తెల్లటి గీత ఒకటి లేచి నిలబడింది, పలక మీద బలపంతో గీసినట్టు. ఆయన దగ్గరికి వెళ్ళి కోణం కొలిచి, కేథరిన్ లెక్కతో పోల్చి చూసుకున్నారు.

"భేష్! సరిగ్గా నువ్వు చెప్పిన చోటే ఉంది, డాక్టర్ కేథరిన్!"

కేథరిన్ వాల్వు కట్టేసి, గ్లౌజు తీసి బల్ల మీద పెట్టింది.

అందరూ టీకి బయల్దేరారు. బ్రహ్మం ముఖం మాడ్చుకుని వెనకబడ్డాడు. భాగ్యమ్మ కూతురి చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. పట్టుకున్న ఆ చేతి చూపుడువేలి కొస నల్లగా ఉంది.

"పాపం, ఆయన్నను ఇంకేం అనబాక తల్లీ," అంది గుసగుసగా. "మిషను అంత అందంగా కనపడేసరికి, నీ బుగ్గన పెట్టినట్టు దానికీ ఒక చుక్క పెట్టినా. పాస్టరయ్యకు మాత్రం చెప్పబాక!"