ఒకసారి పోసినవాళ్ళు

కిరణ్మయికి ఆటలమ్మ పోసింది.

వైరస్ సోకితే రక్తం దాన్ని ఎలా ఎదుర్కొంటుందో యూనివర్సిటీలో పరిశోధన చేసే పిల్లకే పోయడం! నవ్వుకోవడానికి ఓపిక లేదు.

గదిలో తోడుండే రేఖ ఆ సాయంత్రమే బట్టలు సర్దుకుని వెళ్ళిపోయింది. కిరణ్మయి తన ఊరికి పోదామంటే ఇంట్లో వదిన నిండు చూలాలు. గోపన్‌పల్లి కిరాయి గదిలో ఒంటరిగా మిగిలింది.

మర్నాడు పక్క పోర్షన్ భూలక్ష్మి వేపమండలతో వచ్చింది. మాదాపూర్‌లో కొత్తగా లేస్తున్న మేడల దగ్గర ఇటుకలు మోస్తుంది. ఇద్దరికీ అంతవరకూ పలకరింపు కూడా లేదు.

"లోపలికి రాకండి! మీకూ అంటుకుంటుంది."

"నాకు చిన్నప్పుడే పోసింది బిడ్డా. ఒకసారి పోసినోళ్లకు మల్ల రాదు గద?"

కిరణ్మయి చదువూ అదే చెబుతుంది. సరేనంది.

భూలక్ష్మి పని మానుకుని గంజి తాగించింది. వేపాకు నూరి రాసింది. దగ్గరి చుట్టమైనా అంత చేయదు. అందుకే కిరణ్మయికి అనుమానం వచ్చింది. ఊరికే ఎవరు చేస్తారు? మెడలో గొలుసు తీసి దిండు కింద దాచింది.

భూలక్ష్మి చూసింది. గంజి గిన్నె అందించింది.

తలకు నీళ్ళు పోసుకున్న రోజు కిరణ్మయి అడిగింది.

"కొంచెం రక్తం ఇస్తారా? ఒకసారి పోసినవాళ్ళ రక్తం ఆ వైరస్‌ని ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుంటుంది. నా పరిశోధనకు అది కావాలి."

భూలక్ష్మి ముఖం అదోలా అయింది.

"నాది పనికొస్తదో లేదో" అంటూనే చెయ్యి చాపింది.

రక్తాన్ని ల్యాబ్ ఫ్రిజ్‌లో పెట్టి కిరణ్మయి ఊరెళ్ళింది. నెల తర్వాత వచ్చి పరీక్షిస్తే అందులో ఆటలమ్మ గుర్తే లేదు.

"చదువు రాని రక్తం, పాపం మరిచిపోయింది!" అని తోటివాళ్ళతో నవ్వి, సీసా పారేసింది. మళ్ళీ తీసుకుందామని సూది పట్టుకుని భూలక్ష్మి ఇంటికి వెళ్ళింది.

గుమ్మంలో ఆమె భర్త వీరేశం గుండుతో కూర్చుని ఉన్నాడు.

"మీరు ఊరికి పోయినంక ఆమెకు గూడ ఆటలమ్మ పోసిందమ్మా. ఊపిరితిత్తులకెక్కిందన్నరు. కోరంటి జ్వరాల దవాఖానకు తోల్కపోయినం. దక్కలే."

"ఆవిడకు చిన్నప్పుడే పోసిందన్నారే!"

"ఎన్నడు పోయలే."

కిరణ్మయికి ల్యాబ్‌లో తను నవ్విన నవ్వు గుర్తొచ్చింది. సిగ్గుతో తలెత్తలేకపోయింది.

"మరి అలా ఎందుకు చెప్పారు?"

"మంచినీళ్లిచ్చే దిక్కు లేక ఆడపిల్ల ఒక్కతె పడున్నదని ఏడ్చిందమ్మా. నిజం చెప్తె మీరు లోపలికి రానియ్యకపోతుంటిరి."